లండను నుండి సిడ్నీకి ఎంత దూరము? ఎంత కాలము?

గడచిన జనవరి మాసములో జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను. మన పాఠశాలలో ముప్పది సంవత్సరములు గంట కొట్టి, విశ్రాంతి పుచ్చుకొనిన పెద్దాయనను పై తరగతుల విద్యార్థులలో ననేకు లెఱుగుదురు. ఆయన కుమార్తె మన పాఠశాలలోనే చదువుకొని, తరువాత నర్సు పని నేర్చి, కొన్ని యేండ్లు లండను నగరములో కొలువు చేసినది. ఇప్పు డామెకు ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున ఉద్యోగము దొరకినది. ఆమె ప్రయాణమైన నాడు తండ్రి నాయొద్దకు వచ్చి యొక చీటీ చూపెను. దానిలో "లండను, రాత్రి 8-30, సిడ్నీకి" అని మాత్రమే వ్రాసియుండెను. "మాస్టారూ, పిల్ల ఎప్పటికి దిగుతుందండీ?" అని యడిగెను.

నేను భూగోళశాస్త్రము చెప్పువాడను గదా! జవాబునకు తడవుకొనుట చిన్నతనముగా తోచినది. ఆ రెండు నగరముల నడుమ దూరము 17,000 కిలోమీటర్లని నాకు కంఠస్థము. పెద్ద విమానములు గంటకు 900 కిలోమీటర్లు పోవునని యందఱు నెఱిగినదే. భాగించితిని; పందొమ్మిది వచ్చెను. లండనులో రాత్రి 8-30 అయినపుడు మనకు రాత్రి 2 గంటలు. రెండును పందొమ్మిదియు నిరువది యొకటి. "రాత్రి తొమ్మిదింటికి దిగును, ఆపైన గంటలోపల మీకు ఫోను వచ్చును" అని గట్టిగా చెప్పి పంపితిని.

ఆ రాత్రి తొమ్మిది దాటెను, పది దాటెను, పండ్రెండు దాటెను. ఫోను మ్రోగలేదు. ఆయన వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండెనే కాని నన్ను నిద్ర లేపుటకు సంకోచించెనట. పొరుగువారు కొందఱు చేరి ప్రార్థన చేసిరట. తుదకు రెండు గంటలు దాటిన పిమ్మట కుమార్తె మాటలాడెను. విమాన మాలస్యమై రాలేదు. అది సరిగా రావలసిన వేళకే వచ్చినది. ఆలస్యమైనది నా లెక్క! మఱునాడు ఆయన నన్నేమియు ననలేదు. అనకపోవుటయే నాకు భారమైనది. అందుచేత నేనెక్కడ తప్పితినో వెదకితిని. ఆ వెదకులాటలో దొరకిన విషయములే ఈ వ్యాసము.

ముందుగా దూరము మాట. ఎనిమిదవ తరగతి బాలుడొకడు మన గోడపటముపై లండనునుండి సిడ్నీవఱకు దారమును బిగించి లాగి, పటము క్రిందనున్న కొలబద్దతో కొలిచి, "దాదాపు 20,000 కిలోమీటర్లండి" అనెను. భూమి చుట్టుకొలతయే 40,000 కిలోమీటర్లు. కాబట్టి 20,000 అనగా భూమికి సరిగా ఆవలి ప్రక్కకు పోవుట. భూమిమీద నే రెండు చోట్లకును అంతకంటె నెక్కువ దూర ముండజాలదు. సిడ్నీ లండనునకు చాల దూరమేగాని, సరిగా ఆవలి ప్రక్క కాదు. మఱి ఆ బాలుని కొలతలో తప్పెక్కడ? బాలునిలో లేదు, పటములో నున్నది.

మన గోడపటము 1569 వ సంవత్సరమున మెర్కేటరు అను పటనిర్మాత కనిపెట్టిన పద్ధతిని వ్రాయబడినది. ఆయన దానిని ఓడ నడుపువారి కొఱకు చేసెను. దిక్సూచిని ఒకే కోణమునందుంచి పోయినచో ఓడ యే దారిని బోవునో, ఆ దారి యీ పటమున తిన్నని గీతయై కనబడును. ఇది నావికునికి గొప్ప యుపకారము. కాని గుండ్రని భూమిని చదునుగా పఱచుటకు వెల చెల్లింపక తప్పదు. భూమధ్యరేఖనుండి ధ్రువములవైపు పోవుకొలది ఈ పటము దేశములను సాగదీయును. కావున క్రింద ముద్రించిన కొలబద్ద భూమధ్యరేఖ చెంతనే చెల్లును; లండను వంటి యుత్తరస్థలములయొద్ద చెల్లదు. బాలునికి వచ్చిన 20,000 ఇట్లు వచ్చినది. పటమందలి ఆ తిన్నని గీతను నిజముగా భూమిమీద నడచి కొలిచినచో సుమారు 17,700 కిలోమీటర్లగును. అది మన దేశపు దక్షిణాగ్రముమీదుగా, ఇంచుమించు మధుర పట్టణపు ప్రాంతమున పోవుట చూచి పిల్లలు సంతోషించిరి.

ఆ సంతోషము చాలసేపు నిలువలేదు. తరువాత గ్లోబును బల్లపై నుంచి, అదే దారమును లండనుమీద నొక కొన, సిడ్నీమీద నొక కొన పట్టి, బిగువుగా లాగుడని చెప్పితిని. బిగించినకొలది దారము తనంతట తానే జరుగుచు మన దేశమును విడిచి యుత్తరమునకు పోయెను! లండనునుండి ఈశాన్యముగా బయలుదేరి, డెన్మార్కును బాల్టిక్ సముద్రమును దాటి, మాస్కో నగరమున కించుక యుత్తరముగా వంగి, కజక్‌స్థానము, చైనా పశ్చిమభాగము, దక్షిణ చైనా సముద్రము మీదుగా దిగివచ్చి, సెలబీసు ద్వీపప్రాంతమున భూమధ్యరేఖను గడచి, ఆస్ట్రేలియాను ఉత్తరమునుండి ప్రవేశించినది. దక్షిణార్ధగోళమునకు పోవలసినవాడు ముందు ఉత్తరమునకు మొగము త్రిప్పుట వింతగా తోచును గాని, గోళముమీద మిక్కిలి పొట్టి దారి అదియే. నారింజపండును సరిగా నడిమికి కోసినపు డంచున నేర్పడు వలయమువంటిది మహావృత్తము. గోళముపై నే రెండు బిందువుల నడుమనైనను, వానిగుండ పోవు మహావృత్తపు తునకయే దగ్గఱ త్రోవ. పటముమీది తిన్నని గీతకంటె ఇది సుమారు 700 కిలోమీటర్లు తక్కువ.

మన గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిల్లర. దారము 40 సెంటీమీటర్లు వచ్చినది. ఒక సెంటీమీటరునకు 425 కిలోమీటర్లు చొప్పున 17,000 అయినది. త్రికోణమితి నేర్చిన పై తరగతులవారు దీనిని కాగితముపైననే సాధింపవచ్చును. లండనులోని హీత్రో విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 51½ డిగ్రీలు, పశ్చిమ రేఖాంశము అర డిగ్రీ. సిడ్నీ విమానాశ్రయము దక్షిణ అక్షాంశము 34, తూర్పు రేఖాంశము 151 డిగ్రీలు దాటి యున్నది. భూకేంద్రమునుండి చూచినపుడు ఈ రెంటి నడుమ కోణము 153 డిగ్రీలు. డిగ్రీ యొక్కటికి 111 కిలోమీటర్ల పైచిల్లర, గుణించి చూడుడు. భిన్నములతో సహా లెక్కించినచో 17,020 కిలోమీటర్లు తేలును. ముప్పది సెంటీమీటర్ల గ్లోబును ఒక దారపు తునకయు ఇంత దగ్గఱగా చెప్పుట నాకిప్పటికిని ఆశ్చర్యమే.

అయినను ఏ విమానమును ఆ దారము వెంట సరిగా పోదు. ఆకాశమునకు కంచెలు లేవని కవులు చెప్పుదురు గాని, వైమానికులు ఒప్పుకొనరు. ప్రతి దేశమునకును తనపైనున్న యాకాశముపై నధికారము కలదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట రష్యా దేశము బ్రిటిషు విమానములను తన గగనమునకు రానీయలేదు. కావున మన దారము పోయిన మాస్కో త్రోవ వారికి మూసికొనిపోయెను. 2024 ఏప్రిలులో పశ్చిమాసియాలో నుద్రిక్తత పెరిగినపుడు, పెర్త్ నగరమునుండి లండనునకు ఎక్కడను ఆగకుండ పోవు క్వాంటస్ విమానము, ఆ ప్రాంతమును తప్పించుకొనుటకై కొంతకాలము సింగపూరులో దిగి ఇంధనము పోసికొని పోవలసివచ్చెను. రాజ్యముల తగవు లిట్లు మైళ్లుగా మాఱి ప్రయాణికుల తలపై పడుచుండును. గాలివాటము, ఉఱుములమేఘములు, అత్యవసరమున దిగుటకు తగిన విమానాశ్రయము దగ్గఱనుండవలెనను నియమము — ఇవియు దారిని వంచును.

ఈ దూరమును మానవుడు మొదట నెట్లు దాటెనో తెలిసికొన్నచో, నేటి గంటల లెక్కకు విలువ తెలియును. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున ఓడలో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియా చేరుటకు ఐదాఱు వారములు పట్టుచుండెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919 లో ఆస్ట్రేలియా ప్రభుత్వము, ముప్పది దినములలోపల ఇంగ్లండునుండి తమ దేశమునకు విమానముపై వచ్చిన ఆస్ట్రేలియా వైమానికులకు 10,000 పౌన్ల బహుమాన మిత్తుమని ప్రకటించెను. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను నన్నదమ్ములును, బెన్నెట్, షియర్స్ అను నిద్దఱు యంత్రకారులును, వికర్స్ వైమీ అను రెండింజనుల విమానముపై 1919 నవంబరు 12 వ తేదీన లండను చెంతనున్న హౌన్‌స్లోనుండి లేచిరి. ఆ విమానము రెక్కలు కఱ్ఱచట్టముపై గుడ్డ కప్పినవి. చోదకుడు కూర్చుండు తావు పైకప్పు లేక గాలికి తెఱచియుండెను. విమానముపై వ్రాసిన "జి, ఇ, ఎ, ఓ, యు" అను గుర్తక్షరములకు "దేవుడే మన నందఱను కాపాడుగాక" అని వచ్చునట్లు వారు తమ యాంగ్లభాషలో వేడుకగా నర్థము కల్పించుకొనిరట. వేడుకయే యైనను అందులో ప్రార్థన లేకపోలేదు.

వారు కైరో, డమాస్కసు, బస్రా, కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తా, రంగూను, సింగపూరుల మీదుగా పోయిరి. కలకత్తా పందెపు మైదానమునుండి లేచుచుండగా గ్రద్దయొకటి వచ్చి పంకాకు తగిలెను. దైవవశమున విమానము పడలేదు. జావా ద్వీపమందలి సురబయాలో చక్రములు బురదలో దిగబడగా, ఊరిజనము తమ యిండ్లనుండి వెదురుచాపలు తెచ్చి పఱచి దారి చేసిరి. ఆ చాపలపై పరుగెత్తి విమానము లేచినది! డిసెంబరు 10 వ తేదీన వారు ఆస్ట్రేలియా యుత్తరతీరమందలి డార్విను చేరిరి. పట్టినది ఇరువదియెనిమిది దినములకు తక్కువ. అందులో గాలిలో గడపినది 135 గంటలు మాత్రమే. దూరము ఇంచుమించు 18,000 కిలోమీటర్లు. సగటున గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగమే యన్నమాట. అదే పందెములో బయలుదేరిన వేఱొక విమానము మఱునాడే లండను సమీపమున కూలి యిద్దఱు చనిపోయిరి. మఱియొకటి గ్రీసు తీరమున కార్ఫూ ద్వీపము చెంత సముద్రమున పడి యిద్దఱు మరణించిరి. గెలిచిన రాస్ స్మిత్, బెన్నెట్‌లును 1922 ఏప్రిలులో నొక క్రొత్త విమానమును పరీక్షించుచు ప్రాణములు కోల్పోయిరి.

సిడ్నీ విమానాశ్రయమునకు కింగ్స్‌ఫర్డ్ స్మిత్ అను వైమానికుని పేరు పెట్టియున్నారు. పై యన్నదమ్ములకు నీతనికిని చుట్టఱికము లేదు. ఇతడు 1935 నవంబరులో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు మునుపటికంటె త్వరగా పోవలెనని యెగిరి, అలహాబాదునుండి రాత్రివేళ సింగపూరు దిక్కుగా బయలుదేరి, బర్మా తీరముచెంత మాయమైపోయెను. 1937 లో ఆ విమానపు చక్రమును కాలును సముద్రములో కొట్టుకొనివచ్చి దొరకినవి. మనుష్యుల జాడ దొరకలేదు. నేడు సిడ్నీలో దిగు ప్రతి ప్రయాణికుడును, ఎఱిగియో యెఱుగకయో, దారిలో తప్పిపోయినవాని పేరుగల చోటనే క్షేమముగా దిగుచున్నాడు.

1935 ఏప్రిలు నుండి టిక్కెట్టు కొన్నవారికి ఈ దారి తెఱవబడినది. లండనునుండి బ్రిస్బేను చేరుటకు పండ్రెండున్నర దినములు. రుసుము 195 పౌన్లు. మధ్య ఐరోపాలో కొంతదూరము రైలుబండిలోనే పోవలెను. 1938 లో నీటిపై దిగు పెద్ద విమానములు వచ్చినవి. ఇవి రాజపుత్రస్థానములోని రాజసమంద సరస్సుపైనను, గంగాయమునల చెంతను దిగుచు, రాత్రులు ప్రయాణికులను బసలలో పరుండబెట్టుచు, సుమారు పది దినములలో సిడ్నీ చేర్చుచుండెను.

తరువాతి ఘట్టము నాకన్నిటికంటె ప్రియమైనది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమగుటతో ఇంగ్లండునకు ఆస్ట్రేలియాకు నడుమ ఆకాశపుదారి తెగిపోయెను. దానిని మరల ముడివేయుటకై 1943 లో పెర్త్ నగరపు నదినుండి సింహళద్వీపమందలి కొగ్గల సరస్సునకు కాటలీనా అను నీటివిమానములు నడపబడినవి. దూరము సుమారు 5,650 కిలోమీటర్లు. నడుమ హిందూమహాసముద్రము తప్ప వేఱులేదు. వేగము గంటకు రెండువందల కిలోమీటర్లకు కొంచె మెక్కువ. కాబట్టి ప్రయాణము ఇరువదియేడు మొదలు ముప్పదిరెండు గంటలవఱకు పట్టుచుండెను. శత్రువులు వినకుండుటకు రేడియోను మూసివేసి, నక్షత్రములను చూచి దారి తెలిసికొనుచుండిరి. ఇంధనపు బరువుచేత ముగ్గురికంటె నెక్కువ ప్రయాణికులకు చోటు లేదు. ఒకే యెగురుటలో సూర్యోదయమును రెండుసారులు చూచుటవలన, ప్రయాణము చేసినవారికి "ద్విసూర్యోదయ సంఘ" సభ్యులని యొక పత్రము నిచ్చుచుండిరి. 1945 వఱకు ఇట్లు 271 సారులు సముద్రమును దాటిరి. ఒక్క విమానమైనను పోలేదు.

యుద్ధానంతరము 1947 డిసెంబరు 1 వ తేదీన క్వాంటస్ వారు కాన్‌స్టెలేషన్ అను నాలుగింజనుల విమానముతో సిడ్నీనుండి లండనునకు క్రమమైన రాకపోకలు ప్రారంభించిరి. ఇరువదితొమ్మిదిమంది ప్రయాణికులు, డార్విను, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో దిగుచు నాలుగు దినముల ప్రయాణము, గాలిలో నున్నది 55 గంటలు. కంగారువలె గంతులు వేయుచు పోవుటచేత ఈ దారికి కంగారుదారి యని పేరు. పిమ్మట జెట్ విమానములు వచ్చి గంతుల సంఖ్యను తగ్గించినవి. ఆ చరిత్ర పెద్దది, ఇక్కడ విడిచిపెట్టుచున్నాను.

ఒక్క గంతులో పోవుట మాత్రము చిరకాలము కలగానే యుండెను. 1989 ఆగస్టులో ప్రయాణికులు లేని యొక 747 విమానము లండనునుండి సిడ్నీకి ఎక్కడను ఆగక 20 గంటల 9 నిమిషములలో పోయినది. 2018 మార్చిలో పెర్త్ నుండి లండనునకు 14,500 కిలోమీటర్ల దారిని ఆగకుండ పోవు సేవ ప్రారంభమైనది. దానికి పదునేడు గంటల పైచిలుకు. 2019 నవంబరులో యాబదిమంది చిల్లరతో నొక పరీక్షావిమానము లండనునుండి సిడ్నీకి 19 గంటల 19 నిమిషములలో వచ్చినది. అది నడచిన దారి 17,800 కిలోమీటర్లు. మన దారపు లెక్కకంటె నెంత యెక్కువయో గమనింపుడు. అందులోనివారును ఆకాశమున రెండు సూర్యోదయములను చూచిరి. ఆ పాత కాటలీనాల జ్ఞాపకార్థమే ఈ ప్రయత్నమునకు సూర్యోదయ ప్రణాళిక యని పేరు పెట్టిరి.

ఆగకుండ పోవుటలో కష్టమేమి? ఇంధనమే. 787-9 అను రకపు విమానము నిండుగా లేచునపుడు 254 టన్నుల వరకు తూగవచ్చును. దాని తొట్లలో పట్టు ఇంధనము 1,26,000 లీటర్లు, అనగా సుమారు నూఱు టన్నులు. మొత్తము బరువులో అయిదింట రెండుపాళ్లు ఇంధనమే! దూరప్రయాణమునకు ఎక్కువ యింధనము కావలెను. ఆ యింధనమును మోయుటకే మరల నింధనము కావలెను. ఎడ్లబండిలో ఎడ్లమేత నెక్కించుకొని దూరదేశము పోవు రైతునకు ఈ చిక్కు తెలియును: మేత హెచ్చినకొలది సరకు తగ్గవలెను. అందుకే 2019 నాటి విమానములో మనుష్యులు కొద్దిమందియే. 2022 లో క్వాంటస్ వారు 20,000 లీటర్ల అదనపు తొట్టిగల పండ్రెండు ఎయిర్‌బస్ ఎ350 విమానములకు ఆర్డరు ఇచ్చిరి. వానిలోను 238 మందికే చోటు. మామూలుగా ఆ పరిమాణపు విమానములో మూడువందలకు పైగా ఎక్కుదురు.

ఇక కాలము మాట. విమానపు వేగము గంటకు 900 కిలోమీటర్లనగా, అది చుట్టునున్న గాలినిబట్టి చెప్పిన వేగము. గాలి తానును కదలుచుండునుగదా! భూమికి పదికిలోమీటర్ల యెత్తున, ఉత్తర దక్షిణ గోళములు రెంటియందును, పడమటినుండి తూర్పునకు బలమైన వాయుప్రవాహములు పాఱుచుండును. వీనిని జెట్ ప్రవాహము లందురు. ఇవి గంటకు నూటయాబది కిలోమీటర్లకు మించి వీచుట సామాన్యము. రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరమునకు గోదావరి పాఱుదలతో దిగు పడవయు, మరల నెదురెక్కు పడవయు ఒకే తెడ్డుబలముతో పోయినను కాలము వేఱుగదా, ఇదియు నంతే. తూర్పునకు పోవు విమానమునకు గాలి తోడు, పడమటికి వచ్చుదానికి ఎదురు. కావున ఒకే దారియందు రాకకును పోకకును ఒక గంటయో, అంతకెక్కువయో తేడా పడుచుండును.

దీనికిమించిన గందరగోళము గడియారములది. భూమి యిరువదినాలుగు గంటలలో 360 డిగ్రీలు తిరుగును. గంటకు 15 డిగ్రీలు. మన దేశకాలమును నిర్ణయించు రేఖాంశము 82½ డిగ్రీలు. అది మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. పదునేనుచేత భాగించినచో ఐదున్నర గంటలు. సిడ్నీకి 151 డిగ్రీలు, పది గంటలు. అందుచేత లండనుకంటె మనము ఐదున్నర గంటలు, సిడ్నీవారు పది గంటలు ముందు. ఇంతవఱకు సులభమే. కాని ఆ రెండు నగరములవారును వేసవిలో గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుకొందురు. ఒకరికి వేసవియైనపుడు రెండవవారికి చలికాలము. కావున జనవరిలో తేడా పదునొకండు గంటలు, జూలైలో తొమ్మిది గంటలు. ఏప్రిలు, అక్టోబరులలో మార్పుదినములనుబట్టి మాఱును.

ఒక యుదాహరణము. ఆ 2019 విమానము నవంబరు 14 వ తేదీ యుదయము 6-09 కి లండనులో లేచి, 15 వ తేదీ మధ్యాహ్నము 12-28 కి సిడ్నీలో దిగెను. గడియారములను మాత్రమే చూచువాడు 30 గంటల 19 నిమిషములనును. అందులోనుండి పదునొకండు గంటలు తీసివేసిన 19 గంటల 19 నిమిషములు. తిరుగుప్రయాణమున తీసివేయుటకు బదులు కలుపవలెను. నా తరగతిలో సగముమంది ఇక్కడనే తప్పుదురు. కావున ఒక యుపాయము చెప్పుచున్నాను. బయలుదేరిన వేళను చేరిన వేళను రెంటిని ముందు మన కాలములోనికి మార్చుకొని, పిమ్మట తీసివేయుడు. కలుపుటయా తీయుటయా అను సంశయమే యుండదు.

ఇప్పుడు నా తప్పులకు వచ్చెదను. ఆ యమ్మాయి ఎక్కిన విమానము ఆగకుండ పోవునది కాదు. సింగపూరులో దిగి పోవునది. లండనునుండి సింగపూరు సుమారు 10,880 కిలోమీటర్లు, అక్కడనుండి సిడ్నీ 6,300. రెండును కలిపి 17,180. తిన్నని దారికంటె 160 మాత్రమే యెక్కువ! సింగపూరు దాదాపు దారిలోనే యున్నదన్నమాట. దూరమున నేను తప్పలేదు. కాని మొదటి యంచెకు పదుమూడు గంటలకు పైగా, రెండవదానికి ఎనిమిదికి కొంచెము తక్కువ, నడుమ దిగి యింధనము పోసికొని మరల లేచుటకు ఒకటిన్నర గంట పైచిలుకు. రెండుసారులు లేచునపుడును రెండుసారులు దిగునపుడును విమానము 900 వేగముతో పోదు. రన్‌వే చేరుటకు నేలపై మెల్లగా ప్రాకవలెను. మూసిన గగనములను చుట్టి రావలెను. మొత్తము 22 గంటల 40 నిమిషములు. ఆమె సిడ్నీలో దిగినది ఉదయము 6-10 కి; మనకు రాత్రి 12-40. తరువాత ప్రవేశపత్రములు చూపుట, పెట్టె కొఱకు నిలుచుట. రెండు గంటలు దాటిన పిమ్మట తండ్రితో మాటలాడినది. దూరమును వేగముచే భాగించి, దానినే ప్రయాణకాల మనుకొంటిని. టిక్కెట్టుపై దిగు వేళ యేమని ఒక్క ప్రశ్న వేసియుండిన, ఆ పెద్దాయనకు ఐదు గంటల వేదన తప్పియుండెడిది.

ఈ సంగతి లెక్కతో సహా వివరించి క్షమింపుమని కోరితిని. ఆయన నవ్వి, కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. మరల ఏప్రిలు రెండవ వారమున వచ్చెను. కుమార్తె ప్రతిదినము పని ముగించుకొని అక్కడి సాయంకాలము ఏడింటికి మాటలాడుననియు, అది మనకు మధ్యాహ్నము ఒంటిగంటన్నర యగుచుండెననియు, వారము దినములుగా రెండున్నరకు గాని రాదనియు, పిల్లకు పని హెచ్చినదేమో యనియు దిగులుపడెను. పని హెచ్చలేదనియు, ఏప్రిలు మొదటి యాదివారమున సిడ్నీలో గడియారములను గంట వెనుకకు త్రిప్పుదురనియు చెప్పితిని. ముప్పదియేండ్లు ఒక్క నిమిషమైన తేడా రాకుండ గంట కొట్టిన మనుష్యుడు కొంతసేపు నావైపు చూచి, "ఊరుఊరంతా కలిసి గడియారం తిప్పుకుంటారా, మాస్టారూ?" అని యడిగెను.